లిబరల్ అంటే మీ ఊళ్ళో ఏమిటి

అక్టోబర్ 4

చెల్లాయికి,

మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి చెయ్యి రావడం లేదు. చిన్నోడు బాగాలేడు.

ఫోన్ చేద్దామనుకున్నాను. లైను ఇచ్చే ఆ మూడు నిమిషాల్లో నువ్వు ఏడవడం, నేను అరవడం తప్ప ఏమీ తేలదు. అందుకే రాస్తున్నాను, నిదానంగా చదువు.

వాడు ఆగస్టులో మాత్రలు మానేశాడు. సెప్టెంబర్‌లో పని కూడా మానేశాడు. పనిముట్ల పెట్టె తీసుకెళ్ళి లిఫ్టుల కంపెనీ మేనేజరు బల్ల మీద పెట్టి, "మీ లిఫ్టు తాళ్ళు నా మాటలు వింటున్నాయి సార్" అన్నాడట. పదేళ్ళు ఒక్క ప్రమాదం లేకుండా పనిచేసినవాడు. ఆ మేనేజరే నా కళ్ళజోళ్ళ కొట్టుకి వచ్చి చెప్పి, కళ్ళజోడు తుడిపించుకుని వెళ్ళాడు. ఇప్పుడు ఆ మూడో అంతస్తు గదిలోంచి కిందికి దిగడు. తలుపు తియ్యకుండానే మాట్లాడతాడు. మీ వదిన రెండు పూటలా కంచం గుమ్మం దగ్గర పెట్టి వస్తోంది. సగం తింటున్నాడు.

డాక్టరు ఒక ఫారం ఇచ్చాడు. వాడు ఒప్పుకోకపోయినా ఆస్పత్రిలో చేర్చాలంటే దగ్గరి బంధువులు ఇద్దరు సంతకం పెట్టాలి. నాన్న పోయాడు కాబట్టి మిగిలింది నువ్వూ నేనూ. నువ్వు రానక్కర్లేదు, నీ చేతిరాతతో సరేనని ఉత్తరం వస్తే చాలట. ఇద్దరిలో ఎవరు కాదన్నా చేర్చుకోరు.

పన్నెండేళ్ళ కిందట నువ్వూ నాన్నా సంతకం పెట్టి పంపినప్పుడు వాడు నలభై రోజులున్నాడు. బయటికొచ్చాక వాడి మణికట్ల మీద కట్టేసిన మచ్చలు నువ్వు చూడలేదు, నేను చూశాను. మళ్ళీ అక్కడికి పంపనని వాడికి మాటిచ్చాను. అందుకే నా అంతట నేను తేల్చుకోలేకపోతున్నాను. నువ్వేమంటావు?

ఇంకో విషయం. ఆదివారాలు మంగలి షాపు పైన గదిలో మా లిబరల్ సంఘం కూడుతుంది. నన్ను కార్యదర్శిని చేశారు. కుర్చీలు వెయ్యడం, మళ్ళీ తియ్యడం నా పని. నాన్న ఉంటే నవ్వేవాడు.

అన్నయ్య

అక్టోబర్ 17

అన్నయ్యకి,

నీ ఉత్తరం ఆఫీసుకి తీసుకెళ్ళి మూడుసార్లు చదివాను. బస్సులో ఒకసారి. చిన్నోడు తలుపు వెనకనుంచి మాట్లాడుతున్నాడంటే ఎలా ఉంటుందో ఊహకి అందడం లేదు. నాతో మాట్లాడేటప్పుడు వాడు మీదికి వచ్చేసేవాడు, చొక్కా గుండీ పట్టుకుని మరీ చెప్పేవాడు.

మా ఇళ్ళ కేటాయింపు ఆఫీసులో ఈ నెల ఊపిరాడటం లేదు. నిన్న ఒకామె ఇద్దరు పిల్లలతో వచ్చి నా బల్ల ముందు నేల మీదే పడుకుంది, ఇల్లు ఇస్తేగానీ లేవనంది. రాసి ఇచ్చేశాను, నిబంధనలు తర్వాత చూసుకోవచ్చని. మా సెక్షన్‌లో ఒక పెద్దమనిషి ఉన్నాడు, లిబర్టేరియన్‌నని చెప్పుకుంటాడు. ఇల్లిచ్చే ఆఫీసులో కూర్చుని ప్రభుత్వం ఎవరికీ ఇల్లివ్వకూడదంటాడు. జీతం మాత్రం ఒకటో తారీఖునే తీసుకుంటాడు. మధ్యాహ్నం అందరం కలిసి ఆయన్ని ఆటపట్టించడం మాకు కాలక్షేపం.

నువ్వు లిబరల్ సంఘంలో చేరావని చదివి ఎంత సంతోషించానో. ఎట్టకేలకు అన్నయ్య దారికొచ్చాడనుకున్నాను. ఇన్నాళ్ళూ ఉత్తరాల్లో రాజకీయాల జోలికి పోకుండా జాగ్రత్తపడ్డాం, ఇక అక్కర్లేదు.

చిన్నోడి సంగతి. నేను లిబరల్‌ని కదా అన్నయ్యా, నువ్వూ అంతేనట. ఇలాంటి విషయంలో నేనేమంటానో వేరే చెప్పాలా? లిబరల్ అన్నవాళ్ళు చెయ్యాల్సింది చెయ్యి. ఈ ఉత్తరాన్నే నా జవాబనుకో, డాక్టరుకి చూపించు.

వదినకి అడిగానని చెప్పు.

నీ చెల్లి

అక్టోబర్ 30

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివాక గుండెల మీంచి బరువు దిగింది. నువ్వు మరోలా రాస్తావేమోనని ఇరవై అయిదు రోజులు భయపడ్డాను, నిజం చెప్తున్నాను. ఇంత దూరం వెళ్ళాక, ఇన్నేళ్ళ తర్వాత, మనిద్దరం ఒక మాట మీద ఉన్నాం.

డాక్టరుకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "మీ చెల్లెలు కూడా లిబరలేనా, అయితే ఇక చెప్పేదేముంది" అని ఫారం సొరుగులో వేసేశాడు. ఆయన మా సంఘానికి వస్తుంటాడులే, ఆఖరి వరసలో కూర్చుంటాడు.

చిన్నోడు ఇప్పుడు కుదురుగా ఉన్నాడు. గదికి మంచి కిటికీ ఉంది, ఎండ పడుతుంది. మీ వదిన రోజూ వెళ్ళి చూసొస్తోంది. ఎవరూ బలవంతపెట్టడం లేదు కాబట్టి నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడుతున్నాడట. నేను ఆదివారం వెళ్ళాను. "అక్క ఉత్తరం రాసిందా?" అని అడిగాడు. రాసింది, నీ గురించే రాసిందన్నాను. తర్వాత "సరే" అన్నాడు.

కొట్లో అద్దాలు సానపట్టే రాయి అరిగిపోయింది. కొత్తది వచ్చేదాకా చేత్తోనే రుద్దుతున్నాను. వేళ్ళ సందుల్లో ఆ తెల్లపొడి ఎంత కడిగినా పోవడం లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

అన్నయ్య

నవంబర్ 12

అన్నయ్యకి,

అమ్మయ్య. వాడు నా మీద కోపంగా లేడన్నమాట. ఆ "సరే" అన్న మాట నిన్నటి నుంచి నా చెవిలోనే ఉంది. పోయినసారి సంతకం పెట్టినందుకు వాడు నాతో ఏడాదిపాటు మాట్లాడలేదు, నీకు తెలుసు.

ఒక ఉన్ని స్వెట్టరు పంపుతున్నాను. నేను అల్లిందే, చేతులు కాస్త పొడవయ్యాయి. ఏ వార్డో, ఏ మంచమో నువ్వు రాయలేదు. అది తెలియక నీ ఇంటికే పంపుతున్నాను, నువ్వు తీసుకెళ్ళి ఇవ్వు. రాత్రి డ్యూటీ నర్సు ఎలాంటిదో కనుక్కో. ఈసారి కట్టేయడం లేదు కదా? ఆ మాట అడగడానికి నువ్వు మొహమాటపడతావు. నేను అడగమన్నానని చెప్పి అడుగు. మాత్రలు ఎదురుగా నిలబడి మింగిస్తున్నారా లేదా అన్నది కూడా.

ఎన్ని రోజులు ఉంచుకుంటారట? సగంలో పంపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పూర్తిగా నెమ్మదించేదాకా ఉండనివ్వు. నీకు జాలి ఎక్కువ, వాడు బతిమాలితే ఇంటికి తెచ్చేస్తావు.

నీ చెల్లి

నవంబర్ 25

చెల్లాయికి,

ఏ వార్డు?

స్వెట్టరూ నీ ఉత్తరమూ నిన్న ఒకేసారి వచ్చాయి. మీ వదిన స్వెట్టరు మడత విప్పుతుంటే నేను ఉత్తరం చదివాను. "ఏమైంది, అలా కూర్చుండిపోయారేంటి?" అంటే ఉత్తరం ఆమె చేతికిచ్చాను.

చిన్నోడు ఏ ఆస్పత్రిలోనూ లేడు. వాడి గదిలోనే ఉన్నాడు. నువ్వు వద్దన్నావనే కదా నేను సంతకం పెట్టలేదు. నువ్వు రాసిన మాట నా ఎదురుగానే ఉంది: లిబరల్ అన్నవాళ్ళు చెయ్యాల్సింది చెయ్యి. మా సంఘంలో అడుగు, మంగలిని అడుగు, ఈ ఊళ్ళో ఎవర్నైనా అడుగు. లిబరల్ అంటే మనిషి జోలికి పోకూడదనేవాడు. ప్రభుత్వమైనా, పోలీసైనా, డాక్టరైనా, చివరికి అన్నయ్యైనా సరే, ఒప్పుకోని మనిషి మీద చెయ్యి వెయ్యకూడదనేవాడు. అందుకే చేరాను నేను. పోలీసులు నాన్న అచ్చాఫీసు మూసేయించి ఆయన్ని తీసుకెళ్ళిన రోజు నాకు పదకొండేళ్ళు. ఆయన చేతికి సిరా ఉంటే తుడుచుకోనివ్వలేదు. నువ్వు అప్పటికి ఉయ్యాల్లో ఉన్నావు, చిన్నోడు పుట్టనేలేదు.

నీ ఉద్దేశం మరొకటైతే ఆ ముక్క రాయాల్సింది. చేర్చమంటావా, వద్దంటావా? ఇప్పుడైనా విడమరిచి రాయి.

మొన్నటి నుంచి కంచం పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. నీళ్ళు మాత్రం తాగుతున్నాడు. దగ్గుతున్నాడు. డాక్టరు ఒకసారి వచ్చి తలుపు దగ్గర నిలబడి మాట్లాడి వెళ్ళాడు, వాడు తియ్యలేదు.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

అన్నయ్య

డిసెంబర్ 7

అన్నయ్యా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. ఇవాళ ఆఫీసు మానేసి తపాలా ఆఫీసులో నాలుగు గంటలు కూర్చున్నాను, లైను కలవలేదు. టెలిగ్రాం ఇచ్చాను. ఈ ఉత్తరంతో పాటు ఇంకో కాగితం పెడుతున్నాను, నా పూర్తి సంతకంతో, సాక్షి సంతకంతో. చిన్నోణ్ణి ఆస్పత్రిలో చేర్చు. వాడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా చేర్చు. తలుపు పగలగొట్టించు. ఇంతకన్నా విడమరిచి ఎలా రాయాలి?

లిబరల్ అంటే మీ ఊళ్ళో అదా? ఇక్కడ ఆ మాటకి అర్థం అది కాదన్నయ్యా. లిబరల్ అంటే జబ్బుపడినవాణ్ణి, ఇల్లు లేనివాణ్ణి వాడి ఖర్మకి వదిలెయ్యకూడదనేవాళ్ళు. వాళ్ళ తలుపు తట్టడం ప్రభుత్వం బాధ్యత అనేవాళ్ళు. నీలా మాట్లాడేవాళ్ళని ఇక్కడ లిబర్టేరియన్ అంటారు. నేను వెక్కిరిస్తూ రాశానే మా ఆఫీసు పెద్దమనిషి, అతనూ నువ్వూ ఒకటే మాట మాట్లాడుతున్నారు. నాకు అది ఇవాళ తెలిసింది.

నాన్న కూడా తనని లిబర్టేరియన్ అనే చెప్పుకునేవాడు, గుర్తుందా? ఆయన అర్థం మళ్ళీ వేరు. పోలీసూ వద్దు, యజమానీ వద్దు, అచ్చాఫీసు పనివాళ్ళదే అని. మా పెద్దమనిషికి యజమాని కావాలి, ప్రభుత్వానికి పన్ను కట్టడమే వద్దు. ఒక్క మాటని పట్టుకుని ఎవరికి తోచిన చోటికి వాళ్ళు లాక్కుపోయారు. మనం తెలుగులో ఉదారవాది అని రాసుకున్నా ఇదే గొడవయ్యేది. కాకపోతే ఉదారం అన్న మాటలో ఇచ్చే గుణం వినపడుతుంది, నువ్వు కాస్త ఆగి ఆలోచించేవాడివేమో.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో తెలియదు. వెంటనే వెళ్ళు. ఉత్తరం మడిచి పక్కన పెట్టి ముందు వెళ్ళు.

నీ చెల్లి

డిసెంబర్ 9

చెల్లాయికి,

నేనిచ్చిన టెలిగ్రాం నీకు అందే ఉంటుంది. అందులో నాలుగు మాటలే పట్టాయి.

ఆరో తారీఖు పొద్దున మీ వదిన కంచం తీసుకుని వెళ్ళింది. పిలిస్తే పలకలేదు. కింద వాచ్‌మన్‌ని పిలిచింది, అతను భుజంతో తోస్తే తలుపు వచ్చేసింది. లోపల గొళ్ళెం వెయ్యలేదు చెల్లాయీ. ఎన్నాళ్ళ నుంచి వెయ్యడం లేదో తెలియదు. తలుపు ఉబ్బి బిగుసుకుందంతే. మేం తోసి చూడలేదు.

కిటికీ కింద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మీ వదిన గుమ్మంలో పెట్టి వచ్చిన నీ స్వెట్టరు వేసుకున్నాడు. చేతులు పొడవని రాశావు, వాడికి సరిపోయాయి. ఊపిరితిత్తులకి నిమ్ము చేసిందని, తిండి లేని ఒంటికి తట్టుకునే శక్తి లేకపోయిందని డాక్టరు రాసిచ్చాడు. నా మొహం చూడకుండా రాసిచ్చాడు.

నిన్న అంతా అయిపోయింది. లిఫ్టుల కంపెనీ వాళ్ళు పదకొండు మంది వచ్చారు. మేనేజరు ఏడ్చాడు.

నీ టెలిగ్రాం నిన్న మధ్యాహ్నం, మేం తిరిగొచ్చాక, ఇచ్చారు.

అన్నయ్య

డిసెంబర్ 24

అన్నయ్యకి,

నేను ఇప్పుడు రాయకూడదు. అయినా రాస్తున్నాను.

నా నవంబర్ ఉత్తరం చూసి నేను వాణ్ణి ఆస్పత్రిలో ఉన్నాడనుకుంటున్నానని నీకు ఇరవైనాలుగునే తెలిసింది. వార్డు అడిగిన మనిషి చేర్చమంటుందో వద్దంటుందో నీకు తెలియదా? ఇంకా విడమరిచి రాయమన్నావు. టెలిగ్రాం ఇవ్వొచ్చు కదా. ఉత్తరమే ఎందుకు రాశావు? వెళ్ళి, వచ్చి, ఇరవైనాలుగు రోజులు. కంచం ముట్టడం లేదని కూడా అదే ఉత్తరంలో రాశావు, సానరాయి అరిగిందని రాసినంత మామూలుగా.

వాడి స్వేచ్ఛని కాపాడావు. మీ సంఘంలో చెప్పుకో. మాత్రలు మానేసిన బుర్రతో వాడు కోరుకున్నది వాడి కోరికేనా? లిఫ్టు తాళ్ళు వింటున్నాయన్నవాడికి నువ్వు వదిలిపెట్టిన స్వేచ్ఛ దేనికి పనికొచ్చింది?

ఆఫీసులో మా పెద్దమనిషి నా బల్ల దగ్గరికి వచ్చి, తమ్ముడు పోయాడటగా, చాలా బాధగా ఉందన్నాడు. మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు. నేను అతన్ని అనరాని మాటలన్నాను. అందరూ విన్నారు. అవి నీకు చెప్పాల్సినవి.

కొన్నాళ్ళు నాకు రాయకు.

వాడి వార్డు అడుగుతూ రాసిన నా నవంబర్ ఉత్తరం నకలు నా దగ్గర లేదు. ఉంటే చింపేసేదాన్ని.

జనవరి 10

చెల్లాయికి,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి రాయనివ్వు, తర్వాత నీ ఇష్టం.

నీ ప్రశ్నకి జవాబు ఉంది. టెలిగ్రాం ఇస్తే రెండు రోజుల్లో నీ జవాబు వచ్చేస్తుంది, ఆపైన నేను సంతకం పెట్టాలి. ఉత్తరమైతే ఇరవైనాలుగు రోజులు పడుతుంది. ఆ రోజులు నాకు కావాలనిపించింది. ఈలోగా వాడంతట వాడే తలుపు తీసి బయటికొస్తాడని ఆశపడ్డాను. ఇంకా ముందే, నీ అక్టోబర్ ఉత్తరం చదివినప్పుడే, రెండోసారి చదివితే ఎక్కడో తేడా కొట్టింది. ఇల్లు రాసిచ్చిన మనిషి, నేల మీద పడుకున్నామెని లేపి ఇంట్లో పెట్టిన మనిషి, తమ్ముణ్ణి వదిలెయ్యమంటుందా అని. మూడోసారి చదవలేదు. డాక్టరుకి ఆ చివరి నాలుగు వాక్యాలే చదివి వినిపించాను.

వాడికిచ్చిన మాట నిలబెట్టుకోవడం నాకు ఎంత ముఖ్యమైపోయిందంటే, వాడు ముఖ్యం కాకుండాపోయాడు. ఇది ఇంట్లో కూడా చెప్పలేదు.

డిసెంబర్ మొదటి తారీఖున వెళ్ళాను. బయట మెట్టు మీద కూర్చున్నాను. లోపలనుంచి, "అన్నయ్యా, నాకు బాగాలేదు" అన్నాడు. పన్నెండేళ్ళలో వాడు ఆ మాట అనడం అదే మొదటిసారి. "ఆస్పత్రికి వెళ్దామా?" అన్నాను. "నువ్వేమంటావు?" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "నీ ఇష్టం రా" అన్నాను. అది గౌరవం అనుకున్నాను. కాసేపు దగ్గాడు. నేను కొట్టు తెరవాలని లేచి వచ్చేశాను.

వాడు అడిగింది "నన్ను తీసుకెళ్ళు" అని. ఇప్పుడు అర్థమవుతోంది.

సంఘానికి వెళ్ళడం మానేశాను. వాళ్ళు తప్పని కాదు. చిన్నోడు పోయినంత మాత్రాన నాన్నని తీసుకెళ్ళినవాళ్ళు ఒప్పయిపోరు. ఆ మాటలు వింటూ కుర్చీలో కూర్చోలేకపోతున్నాను.

ఇంటాయన ఫిబ్రవరి పదికల్లా చిన్నోడి గది ఖాళీ చెయ్యమంటున్నాడు. రెండుసార్లు వెళ్ళి గుమ్మం దగ్గరనుంచే వెనక్కి వచ్చాను. ఏది ముట్టుకోవాలో, ఏది పారెయ్యాలో నాకు తెలియదు. నన్ను క్షమించమని అడగడం లేదు. నీకు వీలైతే రా. ఒక్కడి వల్ల అయ్యేట్టు లేదు.

అన్నయ్య

జనవరి 23

అన్నయ్యకి,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. కోపం పోలేదు, అబద్ధం చెప్పను. కానీ నేను చెప్పాల్సింది కూడా ఒకటుంది.

అక్టోబర్‌లో నీకు జవాబు రాసేటప్పుడు మొదట "చేర్చు, నేను ఒప్పుకుంటున్నాను" అనే రాశాను. ఆ కాగితం చించేశాను. పోయినసారి నా సంతకం చూపించి వాణ్ణి తీసుకెళ్ళారు. వార్డు తలుపు మూస్తుంటే వాడు "అక్కా" అని పిలిచాడు, నేను తిరిగి చూడలేదు. మళ్ళీ నా చేత్తో ఆ మాట రాయలేకపోయాను. నువ్వు అర్థం చేసుకుని నువ్వే చేస్తావులే, వాడు అడిగితే అక్క అలా రాయలేదని చెప్పుకోవచ్చులే అని ఆ లిబరల్ అన్న మాట రాశాను. అక్కడ దానికి అర్థం వేరని నాకు తెలియదు, అది నిజం. తెలిసినా అదే రాసేదాన్నేమో. నాకు అప్పుడు గట్టిగా ఏమీ చెప్పని మాట ఒకటి కావాల్సి వచ్చింది.

నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని ఎవరిది ఎంత తప్పు అని లెక్కతేల్చడం మొదలుపెట్టాను. ఎక్కడా తేలలేదు, మానేశాను.

మా పెద్దమనిషికి క్షమాపణ చెప్పాను. పర్లేదమ్మా అన్నాడు. తన తల్లిని కూడా బలవంతంగా ఇలాంటి ఆస్పత్రికే తీసుకెళ్ళారట, ఆమె అక్కడే పోయిందట. ఏడేళ్ళు పక్కబల్ల దగ్గర కూర్చుని నేను ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు.

సెలవు దొరికింది. ఫిబ్రవరి ఎనిమిదిన దిగుతాను. ఇంటాయన్ని ఇంకో పది రోజులు ఆగమని అడుగు, ఆ అద్దె నేనిస్తాను. గదిలో ఏదీ కదిలించకు. స్టేషన్‌కి నువ్వు ఒక్కడివే రా. మనం ముందు గదికే వెళ్దాం, ఇంటికి తర్వాత. దారిలో మాట్లాడకపోయినా పర్లేదు.

చెల్లి